హార్మోనియం పక్కన ఫోన్ పెట్టుకుని: వేరే స్వర అమరికలు వినేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో సాయంత్రం పూట పిల్లలకు సరళీవరసలు చెప్తాను. శనివారం భజనలో హార్మోనియం వాయిస్తాను, పిలిస్తే పద్యనాటకాలకూ వెళ్తాను. రెండేళ్ల నుంచి హార్మోనియం పక్కనే ఫోన్ పెట్టి, బ్రౌజర్‌లో నడిచే ఒక వాద్యం మీద స్వరాలను కొంచెం పైకీ కిందికీ జరిపి వినిపిస్తున్నాను. విన్నవాళ్ళు ఇంచుమించు అవే ప్రశ్నలు అడుగుతున్నారు. వాటికి జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఈ ఆన్‌లైన్ వాద్యం ఏంటి? డబ్బులు కట్టాలా?

అక్కర్లేదు. నేను ఎక్కువగా వాడేది స్కేల్ వర్క్‌షాప్. సెవిష్ అనే పేరుతో సంగీతం చేసే షాన్ ఆర్కిబాల్డ్ మొదలుపెట్టిన ఉచిత సాధనం ఇది. బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. హార్మోనియంలో స్వరస్థానం ఇత్తడి రీడు మీద గీకి స్థిరపడిపోయి ఉంటుంది. ఇక్కడ అది ఒక అంకె. అంకె మారిస్తే స్వరం జరుగుతుంది. కంప్యూటర్ కీబోర్డు మీద వాయించొచ్చు, ఫోన్ తెర మీద మెట్లు నొక్కీ వాయించొచ్చు. లీమ్మా అని ఇంకొకటి ఉంది. ఖయ్యాం అల్లామీ అనే సంగీతకారుడు కౌంటర్‌పాయింట్ బృందంతో కలిసి 2021లో తెచ్చారు. తెరవగానే వాయించి చూడాలనుకునేవాళ్ళకు అది హాయిగా ఉంటుంది. నాకు మాత్రం అంకెలు నా చేత్తో నేనే రాసుకోవడం ఇష్టం, అందుకే మొదటిదాని దగ్గరే ఉండిపోయాను.

హార్మోనియం బాగానే పలుకుతోంది కదా, వేరే అమరిక ఎందుకు?

బాగానే పలుకుతుంది. కానీ అందులో గాంధారం (గ) ఎక్కడుందో ఎప్పుడైనా నిలబెట్టి విన్నారా?

ఒకసారి ఇలా చేయండి. ఫోన్ వాద్యంలో షడ్జమం (స) 240 హెర్ట్జ్‌కు పెట్టండి. ఇది ఆరున్నర శ్రుతికి, అంటే ఆరో తెల్ల మెట్టు తర్వాతి నల్ల మెట్టుకు, కాస్త పైన పడుతుంది. లెక్క తేలిగ్గా ఉంటుందని నేను ఈ అంకె తీసుకుంటాను. షడ్జమాన్ని మోగుతూ ఉండనిచ్చి, దాని మీద అంతర గాంధారాన్ని రెండు రకాలుగా పలికించండి. మొదటిది 302.4 హెర్ట్జ్. హార్మోనియం, కీబోర్డు, గిటారు అన్నిటిలో ఉండే గాంధారం ఇదే. రెండోది సరిగ్గా 300.

మొదటిదాంట్లో నాదం వణుకుతుంది. తిత్తి సరిగ్గా తొక్కడం రానివాడు గాలి వేస్తే శబ్దం ఎలా అదురుతుందో, దాదాపు అలా. ఇంటర్ ఫిజిక్సులో విస్పందనాలు అని చదివుంటారు, అవే ఇవి. షడ్జమం 240 అయితే అందులోనే 480, 720, 960, 1200 కూడా సన్నగా మోగుతుంటాయి. గాంధారం 302.4 అయితే దాని నాలుగో రెట్టు 1209 దాటుతుంది. 1200కీ 1209కీ మధ్య ఉన్న తేడా సెకనుకు తొమ్మిది పైచిలుకు సార్లు కొట్టుకుంటుంది. 300 పెట్టగానే నాలుగో రెట్టు సరిగ్గా 1200 మీద కూర్చుంటుంది. వణుకు ఆగిపోతుంది. రెండు స్వరాలు కాదు, ఒకే నాదం మోగుతోందా అనిపిస్తుంది. మా ఇంట్లో మొదటిసారి ఇది విన్న పన్నెండేళ్ల అమ్మాయి, "అయ్యవారూ, గొంతు మూసినట్టుందే!" అంది. ఆ పోలిక నాకైతే తట్టేది కాదు.

బాగా శ్రుతి చేసిన తంబూరా దగ్గర కూర్చుంటే, ఎవరూ మీటకుండానే గాంధారం వినిపిస్తుందని పెద్దలు చెప్తారు. అది ఈ గాంధారమే. షడ్జమం తీగలోంచి ఐదో రెట్టుగా లేస్తుంది. మనం పాడాల్సిన గాంధారాన్ని తంబూరా ముందే పాడి చూపిస్తోంది. దానికి పక్కనే హార్మోనియం ఇంకో గాంధారం వినిపిస్తే పిల్లలు ఏది పట్టుకోవాలి? నన్ను ఈ పనిలోకి దించింది ఆ ప్రశ్నే.

సెంట్లు అంటారు, అవేంటి?

మనకు భూమి లెక్కలో సెంట్లు తెలుసు కదా, ఎకరాకు 100. స్వరాల్లోనూ అలాగే అనుకోండి. హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య 100 సెంట్లు. షడ్జమం నుంచి పై షడ్జమం దాకా పన్నెండు మెట్లు, మొత్తం 1200 సెంట్లు. ఈ కొలతను అలెగ్జాండర్ ఎల్లిస్ 1885లో ప్రచారంలోకి తెచ్చాడు. భూమి సెంటుకూ దీనికీ చుట్టరికం ఏమీ లేదు. కానీ మనవాళ్ళకు ఇలా చెప్తే చిటికెలో అర్థమవుతుంది. గాంధారం 386 సెంట్ల దగ్గర ఉండాల్సింది, హార్మోనియంలో గట్టు 14 సెంట్లు జరిగి 400 దగ్గర పడింది. పొలంలో 14 సెంట్లు జరిగితే ఊరుకుంటామా?

పంచమం విషయంలో గొడవ లేదు. 702 ఉండాల్సింది 700 ఉంది. రెండు సెంట్ల తేడా చాలా కొద్దిమందికే దొరుకుతుంది.

మొదటిసారి తెరిచినప్పుడు ఏం రాయాలి?

మాయామాళవగౌళ రాగంతో మొదలుపెట్టండి. మనందరి మొదటి పాఠం అదే కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. అమరిక రాసే పెట్టెలో ఒక్కో వరుసకు ఒక్కో అంకె రాయాలి:

16/15
5/4
4/3
3/2
8/5
15/8
2/1

షడ్జమాన్ని రాయక్కర్లేదు, అది ఎలాగూ ఉంటుంది. చివరి 2/1 తారస్థాయి షడ్జమం. షడ్జమం 240 పెడితే రి 256, గ 300, మ 320, ప 360, ద 384, ని 450. అన్నీ పూర్తి అంకెలే. నేను దీన్ని నల్లబల్ల మీద రాసినప్పుడు, లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు సంగీతం క్లాసులో మొదటిసారి ముందు వరుసలోకి వచ్చి కూర్చున్నారు.

భిన్నాలు కాకుండా సెంట్లలో రాయాలంటే చుక్క తప్పనిసరి. 386 అని ఊరికే రాస్తే వాద్యం దాన్ని భిన్నంగా లెక్కేసి, షడ్జమానికి 386 రెట్లు పైకి పంపుతుంది. 386.3 అని రాయాలి. ఎంతోమంది "చప్పుడే రావడం లేదు" అని నా దగ్గరికి వచ్చేది ఈ చుక్క మరిచిపోయే.

నాకు తేడా వినిపించడం లేదు. నా చెవి బాగాలేదా?

మీ చెవికి ఏం కాలేదు. టెన్షన్ పడకండి. దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే: శ్రుతి పెట్టకుండా వింటున్నారు.

స్వరాలను ఒకదాని తర్వాత ఒకటి వాయిస్తే 14 సెంట్ల తేడా నాకు కూడా ఒక్కోసారి దొరకదు. షడ్జమం కింద ఆగకుండా మోగుతుంటే మాత్రం ఎవరికైనా దొరుకుతుంది. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తు పెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. శ్రుతి లేకుండా ఏ అమరికనూ వినకండి, ఏ అమరిక గురించీ మాట్లాడకండి. ఒక్కో స్వరాన్ని కనీసం పది సెకన్లు నిలపండి. ఫోన్ స్పీకర్‌లో కింది నాదం సరిగ్గా రాదు కాబట్టి వైరున్న ఇయర్‌ఫోన్స్ గానీ చిన్న స్పీకర్ గానీ పెట్టుకోండి. వాద్యంలో స్వరం రకం మార్చే చోట మరీ నున్నటి శబ్దం ఎంచుకోవద్దు. దాంట్లో పై రెట్లు ఉండవు కాబట్టి వణుకు తెలియదు. హార్మోనియంలా కాస్త గరుకుగా ఉన్న శబ్దం తీసుకోండి.

ఇందులో 22 శ్రుతులు ఉన్నాయా? 22 అని కొడితే ఏదోలా ఉందే!

ఇక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు. స్థాయిని, అంటే షడ్జమం నుంచి పై షడ్జమం దాకా ఉన్న దూరాన్ని, 22 సమభాగాలు చేయమంటే వాద్యం చేసేస్తుంది. కానీ అవి మన శాస్త్రాలు చెప్పిన 22 శ్రుతులు కావు. అలా చేస్తే ఒక్కో భాగం 54.5 సెంట్లు వస్తుంది. పదమూడో భాగం దగ్గర పంచమం 709 సెంట్ల మీద పడుతుంది. 240 షడ్జమం మీద అది 361.5 హెర్ట్జ్, సెకనుకు మూడుసార్లు కొట్టుకుంటుంది. హార్మోనియం మీద కూడా సక్రమంగా ఉండే పంచమం, శాస్త్రం పేరు చెప్పుకుని చెడిపోయిందన్నమాట.

నాట్యశాస్త్రంలో షడ్జగ్రామానికి చెప్పిన పంపకం స 4, రి 3, గ 2, మ 4, ప 4, ద 3, ని 2. కలిపితే 22. దాన్ని రాసిన భరతుడు రెండు వీణలు తీసుకోమంటాడు. ఒకటి కదపకుండా ఉంచి, రెండోదాన్ని మెల్లగా దించుతూ పోతే, దాని స్వరాలు మొదటిదాని స్వరాల్లో ఒక్కొక్కటిగా వచ్చి కలుస్తాయి. అది పూర్తిగా చెవితో చేసే పరీక్ష. అన్ని శ్రుతులూ ఒకే కొలతలో ఉన్నాయా అన్నది పండితులు ఈనాటికీ వాదించుకుంటున్న విషయం. ఎక్కువమంది వాడే 22 భిన్నాల పట్టికలో మాత్రం అవి సమానం కాదు. ఆ భిన్నాలను ఒక్కొక్కటిగా రాసుకుని వినండి. బ్రౌజర్‌లో రెండు కిటికీలు తెరిచి భరతుడి పరీక్షను మీరే చేసి చూడండి. ఒకదాన్ని ముట్టుకోవద్దు, రెండోదాంట్లో షడ్జమం అంకెను కొద్దికొద్దిగా దించండి.

ఇంకో సంగతి. శ్రుతి పెట్టెలో శ్రుతి అంటే కింద ఆగకుండా మోగే ఆధార నాదం, 22 శ్రుతుల్లో శ్రుతి అంటే స్వరాల మధ్య ఉండే చిన్న దూరం. ఒకే మాట రెండు అర్థాల్లో నడుస్తోంది, పిల్లలకు ముందే చెప్పండి.

ఇన్ని అమరికల్లో సరైనది ఏది?

ఈ ప్రశ్నకు నేనూ చాలాకాలం ఒకటే జవాబు ఉంటుందనుకున్నాను. మోహన రాగం నాకు ఆ భ్రమ పోగొట్టింది.

షడ్జమం 240 పెట్టి మోహన రాయండి. రి 9/8, అంటే 270. గ 5/4, అంటే 300. ప 360. ఇక్కడిదాకా తిరుగులేదు. ఇప్పుడు ధైవతం ఎక్కడ పెడతారు? గాంధారాన్ని అడిగితే "400 దగ్గర పెట్టు" అంటుంది, ఎందుకంటే 300కు 400 అంటే మూడుకు నాలుగు, చక్కగా కలుస్తుంది. రిషభాన్ని అడిగితే "నాకు 405 కావాలి" అంటుంది, ఎందుకంటే 270కి ఒకటిన్నర రెట్లు 405. 400 పెడితే రి, ద కలిపి పట్టుకున్నప్పుడు గరగరలాడుతుంది. 405 పెడితే గ, ద దగ్గర అదే గరగర. రెండు ధైవతాల మధ్య తేడా 21.5 సెంట్లు. ఇద్దరినీ ఒప్పించే అంకె లేదు.

పాడేవాళ్ళు ఈ చిక్కును తెలియకుండానే దాటేస్తారు. రిషభం మీంచి వస్తే ఒకచోట, గాంధారం మీంచి వస్తే ఇంకోచోట ధైవతం తాకుతారు. మెట్లున్న వాద్యం అలా చేయలేదు కాబట్టి ఎవరో ఒకరికి అన్యాయం చేయాలి. హార్మోనియం అమరిక అందరికీ తలా కొంచెం అన్యాయం చేసింది. పాతకాలపు ఐరోపా ఆర్గన్లలో ఒక పద్ధతి ఉండేది. గాంధారాలు స్వచ్ఛంగా రావాలని పంచమాలను ఐదేసి సెంట్లు తగ్గించేవారు. ఫలితంగా ఒక్క పంచమం భయంకరంగా తయారయ్యేది. దాన్ని వాళ్ళు తోడేలు అని పిలిచేవారు. అది కూడా పెట్టి వినండి, ఆ పేరు ఎందుకొచ్చిందో ఒక్క క్షణంలో తెలుస్తుంది.

తోడి రాగం వాయిస్తే తోడిలా లేదేం?

ఉండదు. ఏ అమరిక పెట్టినా ఉండదు.

తోడి గాంధారం ఒక చోటు కాదు, ఒక ఊపు. రిషభం వైపు దిగి, మధ్యమం వైపు ఎగిరి, మధ్యలో ఎక్కడా నిలవకుండానే గాంధారం అనిపించుకుంటుంది. దాన్ని ఒక్క అంకెలో కట్టేయలేం. నీలాంబరి, శహాన, ఆనందభైరవి కూడా ఇంతే. గౌళ రిషభం మామూలు శుద్ధ రిషభం కంటే కిందుంటుందని, ఏకశ్రుతి రిషభమని చెప్తారు. నిలబడే స్వరం కాబట్టి దాన్ని ఈ వాద్యం మీద కొంత వెతకొచ్చు. ఈ వాద్యంతో రాగం నేర్చుకుందామని మాత్రం రావద్దు. ఆ ఊపు, అంటే గమకం, గురువు గొంతులోంచే రావాలి. ఫోన్ నేర్పేది స్వరం నిలబడే చోటు వినడం. ఆ పని మటుకు ఏ పుస్తకం కంటే బాగా చేస్తుంది.

మనవాళ్ళు పూర్వం ఈ లెక్కలు పట్టించుకున్నారా?

ఎంతగానో. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాశాడు. విజయనగరంలో అళియ రామరాయల ఆదరణలో వచ్చిన గ్రంథం. వీణ మీద ఏ తీగకు ఏ మెట్టు దగ్గర ఏ స్వరం పలుకుతుందో అందులో వరుసగా చెప్తాడు, తమంతట తాము పుట్టే స్వయంభూ స్వరాల మాట ఎత్తుతాడు. నేను పైన తంబూరా గాంధారం గురించి చెప్పింది గుర్తు తెచ్చుకోండి. అదే శతాబ్దంలో మన అనంతపురం వైపు లేపాక్షిలో నాట్యమండపం స్తంభాల మీద వాద్యాలు వాయించే దేవతలను చెక్కారు. ఈసారి వెళ్ళినప్పుడు బసవన్న దగ్గర ఫోటో దిగి వచ్చేయకుండా ఆ స్తంభాల దగ్గర కాసేపు నిలబడండి.

ఈరోజుకీ వీణకు మెట్లు మైనంలో కూర్చోబెట్టి, చెవితో విని సర్దుతారు. స్థాయికి పన్నెండు మెట్లే అయినా, ఆ సర్దుబాటులో చేసినవాళ్ళ చెవి ఉంటుంది.

నా హార్మోనియాన్ని ఇలా మార్పించుకోవచ్చా?

దయచేసి తొందరపడవద్దు. నేను తొందరపడ్డాను.

రీడును కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. గాంధారాలు 14 సెంట్లు దించమని వేరే ఊళ్ళో ఒక రిపేరు దుకాణంలో ఇచ్చాను. ఆ మనిషి రీడు మొదలు దగ్గర మరీ ఎక్కువ గీకేశాడు. ఒక రీడు గొంతు పోయింది, గాలి వేస్తే సగం సెకను తర్వాత గానీ పలికేది కాదు. కొత్త రీడు వేయించాల్సి వచ్చింది. గీకిన ఇత్తడి మళ్ళీ అతకదు. ఫోన్‌లో అయితే ఒక అంకె చెరిపి ఇంకో అంకె రాస్తే సరిపోతుంది. అందుకే ముందు ఫోన్ మీద నెలల తరబడి వినమంటాను.

రీడు బాగా చేసిచ్చినా అసలు సమస్య ఇంకోటుంది. ఒకటో శ్రుతికి స్వచ్ఛంగా చేయించారనుకోండి. నాటకంలో రెండో శ్రుతికి పాడే నటుడు వస్తే, అతని పంచమం 21 సెంట్లు దిగి ఉంటుంది. మోహనలో చూసిన రి, ద తగువే ఇది, ఇక్కడ స, ప రూపంలో తిరిగొచ్చింది. పద్యం రాగం తీసి పంచమం మీద నిలబడేసరికి కింద హార్మోనియం ఏడుస్తుంటుంది. సురభి నాటకాలకు పేరిచ్చిన సురభి గ్రామం మా జిల్లాలోదే, 1885లో మొదలైన పరంపర అది. రాత్రంతా పాత్ర పాత్రకూ శ్రుతి మారే నాటకంలో అన్ని శ్రుతులకూ సమానంగా పలికే హార్మోనియమే నిలబడుతుంది. కడపలో పెద్ద దర్గా దగ్గర ఖవ్వాలీకైనా, శనివారం భజనకైనా అంతే. హార్మోనియాన్ని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దూరంగా పెట్టింది. మెట్ల మీద గమకం పలకదు, స్వరస్థానాలు మనవి కావు అన్నది అప్పటి అభ్యంతరం. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. అయినా మన పల్లెల్లో పద్యాన్ని బతికించింది ఆ పెట్టే. నేను రెండూ నమ్ముతాను.

ఒకే శ్రుతికి మీరొక్కరే పాడుకునేటట్టయితే, ఇంకో హార్మోనియం ఇంట్లో ఉంటే, అప్పుడు మార్పించుకోండి.

సన్నాయి వాయించేవాళ్ళకు దీంతో పనుందా?

వాళ్ళ దగ్గర మనమే నేర్చుకోవాలి. రంధ్రం సగం మూసి, ఊపిరి బిగువు మార్చి, స్వరాన్ని కావాల్సిన చోటికి తెస్తారు.

మిగతా దేశాల అమరికల్లో ముందు ఏది వినాలి?

జావా వాద్యబృందం గామెలాన్‌లో వాడే స్లెండ్రో అమరిక. స్థాయికి ఐదే స్వరాలు, మన మోహనలా ఉంటుందనుకుని వింటాం, కానీ ఏ స్వరమూ మనకు తెలిసిన చోట ఉండదు. ఒక్కో వాద్యబృందానికి ఒక్కో అమరిక. తర్వాత తుర్కీ సంగీతం. అక్కడ సిద్ధాంతంలో స్థాయిని 53 భాగాలు చేస్తారు. ఆ లెక్కలో పంచమం దాదాపు తప్పు లేకుండా వస్తుంది, గాంధారమూ ఒకటిన్నర సెంటు లోపే. మన స్వరాలు రాసి చూడ్డానికి 22 కంటే 53 ఎంతో మంచిదని నా అనుభవం. నెదర్లాండ్స్‌లో ఫోకర్ అనే భౌతిక శాస్త్రవేత్త స్థాయికి 31 స్వరాలుండే ఆర్గన్ 1950లో కట్టించాడు. 31 భాగాల అమరిక కూడా రాసి చూడండి, గాంధారం తియ్యగా ఉంటుంది.

నొక్కిన కాసేపటికి గానీ శబ్దం రావడం లేదు.

బ్లూటూత్ తీసేయండి. వైరు పెట్టండి.

నేను రాసుకున్న అమరికను వేరేవాళ్ళకు పంపొచ్చా?

పంపొచ్చు. స్కాలా ఫైలుగా దించుకోండి. స్కాలా అంటే ఇలాంటి అమరికల కోసమే మాన్యుయెల్ ఓప్ డె కౌల్ చేసిన పాత సాఫ్ట్‌వేర్, దాని ఫైలు పద్ధతినే ఇప్పుడు చాలా సాధనాలు చదువుతాయి. లోపల ఉండేది మామూలు అక్షరాలే: ఒక పేరు, స్వరాల సంఖ్య, తర్వాత వరుసగా అంకెలు. వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్ళు తెరిచి వాయించుకోవచ్చు. షడ్జమం ఎన్ని హెర్ట్జో మాత్రం ఆ ఫైల్లో ఉండదు, మెసేజ్‌లో విడిగా రాయండి.

మా హార్మోనియం పక్కన పెడితే ఫోన్ శ్రుతి కలవడం లేదు. ఏం చేయాలి?

పాత హార్మోనియాలు ఫోన్ అనుకునే శ్రుతికి కచ్చితంగా ఉండాలనేమీ లేదు. హార్మోనియాన్ని కదపకండి, ఫోన్‌నే దాని దగ్గరికి తీసుకురండి. మీరు పాడే మెట్టు ఒక్కటే నొక్కి పట్టుకుని, ఇంకొకరిని ఫోన్‌లో షడ్జమం అంకె అర అర హెర్ట్జ్ మార్చమనండి. మొదట గబగబా కొట్టుకుంటుంది. దగ్గరికొచ్చేకొద్దీ ఉయ్యాల ఊగినట్టు నెమ్మదిస్తుంది. ఇంకా దగ్గరికొస్తే ఒక్కో ఊపుకు రెండు మూడు సెకన్లు పడుతుంది. అప్పుడు దశాంశం తర్వాతి అంకె మార్చుతూ రండి. ఊపు పూర్తిగా ఆగిన చోటి అంకెను హార్మోనియం మూత లోపలివైపు పెన్సిల్‌తో రాసుకోండి. నా పెట్టెలో ఐదో మెట్టు 389.2 దగ్గర ఆగింది.